నోరు తెరిచి విన్నవాళ్లు

ఆ వీధిలో అందరూ ఆయన్ని పళ్లాయన అనేవాళ్లు. కొత్తగా అద్దెకు దిగిన ఒకావిడ ఆ పేరు విని సంచీ పట్టుకుని వచ్చి, డజను ఎంతని అడిగింది. ఆయన లోపలికి వెళ్లి పైవరస ఒకటి, కిందివరస ఒకటి ట్రేలో పెట్టి తెచ్చి చూపించాడు. ఆవిడ మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

ఆయన పని కట్టుడు పళ్లు చేయడం. మేడమీద పంటి డాక్టరమ్మ ఆసుపత్రి, దాని వెనక గది ఆయనది. ఒక బల్ల, మైనం కరిగించే చిన్న దీపం, పాలిష్ చేసే చక్రం, గోడ అరల్లో వరసగా ప్లాస్టరు దవడలు, ఒక్కోదాని అడుగున పెన్సిలుతో నంబరు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఆ దవడల మధ్యే బతికాడు. జుట్టు నెరిసిందో, ప్లాస్టరు పొడి పడిందో తలస్నానం చేస్తే గాని తెలిసేది కాదు. యాభై దాటాక స్నానం చేసినా తేడా కనిపించడం మానేసింది.

అచ్చులో ప్లాస్టరు పోశాక అది గట్టిపడేదాకా చేసేదేమీ ఉండదు. ముట్టుకుంటే పాడైపోతుంది, వదిలేసి బయటికి వెళ్తే మనసొప్పదు. ఆ ఖాళీలోనే ఆయన కవి అయ్యాడు. మందపాటి అట్ట ఉన్న నోటుపుస్తకంలో పదకొండు పాటలు రాసుకున్నాడు, బాణీలు కూడా తనే కట్టుకున్నాడు. ఆరింటిలో చంద్రుడు, నాలుగింటిలో నావ, మిగిలిన ఒక్కదాంట్లో చంద్రుడూ నావా కలిసి ఉండేవి. అన్నిట్లోనూ విరహమే.

"పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నేను పుట్టింట్లో నాలుగు రోజులకు మించి ఉన్నది లేదు. ఈ విరహం మీకెక్కణ్ణించి వచ్చిందండీ?" అని అడిగింది ఆయన భార్య. ఆవిడ కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. దేన్నయినా కాస్త దూరం పెట్టి, కాస్త దగ్గరగా పెట్టి చూసే అలవాటు.

"అది ఊహ. కళాకారుడికి అనుభవించాల్సిన పనిలేదు" అన్నాడాయన గంభీరంగా.

"కావాలంటే ఓ వారం వెళ్లొస్తాను" అందావిడ.

ఆయన వద్దన్నాడు. మర్నాడు టిఫిను డబ్బా ఎవరు సర్దుతారన్న ఆలోచన విరహం కంటే ముందొచ్చింది. తన కళాహృదయం లోతు ఎంతో ఆయనకి ఆ రోజే తెలిసింది.

ఆ పాటల్ని రికార్డు చేయించాలని ఆయన కోరిక. నాలుగు వీధుల అవతల ఒకతను రికార్డింగు గది నడిపేవాడు. బట్టల దుకాణాల ప్రకటనలు, బడుల ప్రార్థనలు అక్కడే తయారయ్యేవి. గది అద్దె, వాయిద్యాలవాళ్లు, ఆ తర్వాత శబ్దం శుభ్రం చేసే పని అన్నీ కలిపి అతను చెప్పిన మొత్తం విని పళ్లాయన కాసేపు గోడకున్న స్పాంజి దిండ్లని మెచ్చుకుని ఇంటికొచ్చేశాడు.

దారి చూపించింది మరదలు. ఆవిడకి జిరాక్సు దుకాణం ఉంది. జనానికి కంప్యూటర్లో దరఖాస్తులు నింపిపెట్టడం కూడా ఆవిడ పనే కాబట్టి ప్రపంచంలో ఏ ఫారం ఎక్కడుందో ఆవిడకి తెలుసు.

"క్రౌడ్‌ఫండింగ్ అని ఉంది బావా. నువ్వేం చేయబోతున్నావో ఒక పేజీలో రాసి పెడతాం. నచ్చినవాళ్లు తలా కాస్త వేస్తారు. నలభై రోజుల గడువు. అనుకున్న మొత్తం వస్తే నీకిస్తారు, రాకపోతే ఎవరి డబ్బు వాళ్లకి వెనక్కి వెళ్లిపోతుంది."

"చందాలు వసూలు చేయడమేగా దీని పేరు? నేను జోలె పట్టుకోవాలా?"

"జోలె ఎక్కడుంది? పేజీ ఉంటుంది. ఊరికే ఇమ్మనడం లేదు కదా, బదులుగా నువ్వూ ఏదో ఒకటి ఇస్తావు. చిన్న మొత్తం వేసినవాళ్లకి పాటలు ముందుగా పంపిస్తాం. కాస్త పెద్దదైతే ఆల్బమ్ మీద పేరు. ఇంకా పెద్దదైతే వాళ్లింటికెళ్లి పాడతావు."

"ఇంటికొచ్చి పాడకుండా ఉండటానికి ఇస్తారేమో ఎక్కువ" అంది భార్య లోపల్నించి.

పైకి బింకం చూపించినా, ఆయన లోపల అప్పటికే లెక్కలేనన్ని ఇళ్లలో పాడేశాడు. రెండ్రోజులు బెట్టు చేసి మూడో రోజు ఒప్పుకున్నాడు. పేజీలో రాయడానికి తన గురించి నాలుగు వాక్యాలు ఇమ్మంటే పదకొండు పేజీలు ఇచ్చాడు. మరదలు వాటిని నాలుగు వాక్యాలు చేసింది.

పేజీకి వీడియో ఉండాలన్నారు. ఒక ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంట్లో పుస్తకాల బీరువా ముందు నిలబడి ఫోనులోకి మాట్లాడాడు. బీరువాలో ఎక్కువ భాగం దుప్పట్లే కాబట్టి ఒక తలుపు మూసి ఉంచారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఊరందరికీ పళ్లు చేసిపెట్టే ఆ మనిషికి పైవరసలో ముందు పన్ను లేదు. ఊడి మూడేళ్లయింది. ఎవరైనా అడిగితే, "చేసుకుంటాలెండి, సామాను చేతిలోనే ఉందిగా" అనేవాడు. సామాను చేతిలో ఉండటం వల్లే చేసుకోలేదు. ఆ సందులోంచి 'స' అన్నప్పుడల్లా చిన్న ఈల వచ్చేది. ఇంట్లోవాళ్లకి అలవాటైపోయి వినిపించడం మానేసింది. ఆయన వీడియోలో చెప్పిన మొదటి వాక్యం "సంగీత సాహిత్య సరస సమ్మేళనమే నా స్వప్నం."

మూడు రోజుల్లో ఆ వీడియో అంతటా తిరిగింది. రోడ్డు మీద ఎవరో ఒకడు ఈల వేస్తే పక్కవాడు "స్వప్నం" అనేవాడు. పేజీ కింద జనం రాసినవి ఆయన రాత్రి భోజనానికి ముందు కూర్చుని చదివాడు. "అయ్యా, ముందు పన్ను కట్టండి" అని ఒకరు రాశారు. దానికి ఇంకొకరు, "ప్రభుత్వానికా, నోటికా?" అని అడిగారు. మరొకరు చిన్న మొత్తం వేసి, "ఇది పాటకి కాదు, పంటికి" అని రాశారు.

"నవ్వినా వేశారుగా బావా" అంది మరదలు.

"జాలిపడి వేశారు."

"ఏం వేసినా అంకె పెరుగుతుంది."

ఆయన రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. 'స' లేకుండా మాట్లాడటం కుదరక ఆ మౌనం కాస్త సులువైంది. మూడో రోజు గదిలోకి వెళ్లి, అచ్చు తీసుకుని, తన పన్ను తనే చేసుకుని డాక్టరమ్మ చేత పెట్టించుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఇంత సతాయించిన గిరాకీ తనకి తగల్లేదని ఆయనే చెప్పుకునేవాడు. రంగు నప్పలేదని రెండుసార్లు వెనక్కి పంపాడట, తనకి తనే.

నవ్వినవాళ్ల డబ్బుతో అంకె మూడోవంతు దాకా వెళ్లి ఆగిపోయింది. నవ్వు తగ్గాక డబ్బు రావడమూ తగ్గింది. ఇరవై అయిదో రోజుకి ఆయన గంటకోసారి పేజీ తెరవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి ప్లాస్టరు పోసి పేజీ, మైనం కరిగించి పేజీ. ఒకసారి చూస్తూ చూస్తూ ఒక పెద్దావిడ కిందివరసలో పన్ను ఒకటి ఎక్కువ పెట్టేశాడు. బంధువులకి ఫోన్లు చేశాడు. అందరూ "తప్పకుండా" అన్నారు. తప్పకుండా అన్నవాళ్లెవరూ వేయలేదు. పెద్ద బావమరిది మాత్రం నిజాయితీగా, "నీ పాట నేను విన్నాను కదా బావా" అన్నాడు. అంతకంటే వివరంగా చెప్పమని ఈయనా అడగలేదు.

ఇరవై ఎనిమిదో రోజు పేజీకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఎవరో ఆయనకి తెలియదు. "ఆల్బమ్‌లో ఆ 'గట్టిపడవే' పాట ఉంటుందా? ఉంటే ఇంకా వేస్తాను" అని ఉంది.

ఆయన నోటుపుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. అలాంటి పాట లేదు. ఎవరిదో పాట తనదనుకుని పొరబడి ఉంటుందని, మర్యాదగా జవాబు రాయబోయాడు. రాస్తుంటే ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. మర్నాడు మధ్యాహ్నం ప్లాస్టరు పోసి, బల్ల మీద మోచేతులు పెట్టి కూర్చున్నప్పుడు, తన నోరే తనకి చెప్పకుండా అందుకుంది.

*గట్టిపడవే గట్టిపడవే, గడియారం చూసి గట్టిపడవే,*
*నాకేం తొందర లేదులే గానీ, నాన్చింది చాలు గట్టిపడవే.*

ఆయన చటుక్కున ఆపేశాడు. లేచి అవతలికి వెళ్లాడు. డాక్టరమ్మ కుర్చీ పక్కన చేతులు కడుక్కుంటోంది. కుర్చీ ఖాళీగా ఉంది.

"డాక్టరుగారూ, నేను లోపల పాడితే ఇక్కడికి వినిపిస్తుందా?"

ఆవిడ తుండు తీసుకుని నెమ్మదిగా చేతులు తుడుచుకుంది. "మధ్యలో ఉన్నది గోడ కాదండీ. ప్లైవుడ్డు."

"ఎప్పణ్ణించి వినిపిస్తోంది?"

"మీరు చేరిన వారం నుంచి."

"మరి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"చెబితే మానేస్తారేమోనని" అందావిడ. "మొదట్లో చెబుదామనే అనుకున్నాను. ఒక రోజు ఒక పెద్దాయన ఈ కుర్చీలో గజగజ వణికిపోతున్నాడు. మీరు అవతల ప్లాస్టరు పిండిని బతిమాలుతూ పాడుతున్నారు. ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వులో నేను పన్ను తీసేశాను. ఆ తర్వాత చెప్పబుద్ధి కాలేదు. కొంతమంది అపాయింట్‌మెంటు పెట్టుకునేటప్పుడు, లోపల ఆయన ఉండే టైమేనా అని అడుగుతారు."

పళ్లాయన వెనక్కి తిరిగి ఆ ప్లైవుడ్డు వైపు చూశాడు. ఆ గదిలో ఆయన పాడుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. దీపం మీద పెట్టిన మైనం గురించి ఒకటి, అద్దె పెంచిన మేడ యజమాని మీద ఒకటి, నెలాఖరున జీతం సంగతి మర్చిపోయే డాక్టరమ్మ మీద ఒకటి.

"అన్నీ వినిపిస్తాయా?"

"నా మీద కట్టింది కూడా విన్నాను. ప్రాస బాగా కుదిరింది" అని, ఆవిడ తర్వాతి మనిషిని పిలిచింది.

ఇరవై రెండేళ్లు తన పాట ఎవరూ వినలేదని కుమిలిపోయిన మనిషికి, రోజూ పదిమంది విన్నారని తెలియడం సంతోషంగా ఉండాలి. ఆయనకి మాత్రం సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పైగా ఎలాంటి శ్రోతలు? లేచిపోవడానికి లేదు, నోట్లో దూది, చప్పట్లు కొడదామన్నా చేతులు కుర్చీని గట్టిగా పట్టుకుని ఉంటాయి. జనం తన పాటని నోరు తెరుచుకుని వినాలని ఆయన కలలు కన్నమాట నిజమే. ఇలా అని అనుకోలేదు.

ఈ సంగతి విన్న మరదలు పొట్ట పట్టుకుని నవ్వి, మర్నాడు పంటి నొప్పి లేకపోయినా ఆసుపత్రికొచ్చి ఆ కుర్చీలో పడుకుంది. కాసేపు పైకప్పు చూసింది. "ఇక్కడ పడుకున్నవాళ్లకి చూడటానికి ఏమీ లేదు డాక్టరుగారూ" అంది. మూడో రోజుకల్లా పేజీ చిరునామా, స్కాన్ చేసే గళ్లబొమ్మ పెద్దవిగా అచ్చేసి, కుర్చీకి సరిగ్గా పైన అంటించేశారు. కింద మరదలు తన సొంత తెలివితో ఒక ముక్క చేర్చింది: "పక్కగదిలో పాడేది ఈయనే."

డాక్టరమ్మ పెట్టిన షరతు ఒక్కటే, పన్ను పీకడానికి ముందు ఎవర్నీ డబ్బు అడగకూడదని.

ఇక అంకె కదిలింది. దవడ వాచినవాళ్లు, సగం నోరు మొద్దుబారినవాళ్లు మెట్లు దిగుతూనే ఫోను తీసేవాళ్లు. ఎప్పుడో పదేళ్ల కిందట పళ్లు కట్టించుకున్నవాళ్లకి కూడా వార్త అందింది. డబ్బుతోపాటు నాలుగు మాటలు రాసేవాళ్లు. ఒకాయన, "జ్ఞానదంతం రోజున మైనం పాట విన్నాను, రెండో చరణం మధ్యలో డాక్టరుగారు డ్రిల్లు పెట్టారు, మిగతాది వినాలని ఉంది" అన్నాడు. ఒకావిడ, తన కూతురికి అన్నం తినిపించేటప్పుడు 'గట్టిపడవే'ని 'తొందరగా మింగవే' అని మార్చి పాడుతున్నానని, అనుమతి లేకుండా మార్చినందుకు క్షమించమని రాసింది.

ఆయన అన్నీ చదివి ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"మళ్లీ ఏమైందండీ?" అంది భార్య.

"నా పదకొండు పాటల గురించి ఒక్కరూ అడగలేదు. చంద్రుడి మీద నాలుగేళ్లు కష్టపడ్డాను. వీళ్లకి పిండి కావాలట."

"మీరు చంద్రుణ్ణి గదిలో ఎప్పుడైనా పాడారా?"

"లేదు. అవి గొప్ప పాటలు. అలా పనిచేస్తూ పాడేవి కావు."

"మరి వినని పాటని ఎవరైనా ఎలా అడుగుతారు?" అని ఆవిడ ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని పక్కన పెట్టింది. "వాళ్లు విన్నదాన్ని వాళ్లు అడిగారు. మీ గొప్ప పాటల్ని మీరే దాచుకున్నారు, వాళ్ల తప్పేముంది?"

ఆయన ఫోను మళ్లీ తీసుకుని, చంద్రుడి గురించి ఎవరైనా రాశారేమోనని మొదటినుంచి వెతికాడు.

ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రం అంకె గీత దాటింది. మరదలు దుకాణం మూసి వచ్చి చెప్పింది. ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే సోఫాలో కూలబడి, "అయితే ఇప్పుడు నిజంగా పాడాలా?" అన్నాడు.

రికార్డింగు గదిలో చంద్రుడి పాటలు బాగానే సాగాయి, అంటే ఆయనకి బాగా అనిపించాయి. చిక్కంతా 'గట్టిపడవే' దగ్గర వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, స్పాంజి దిండ్ల మధ్య నిలబడి పాడితే అది పాఠం అప్పజెప్పినట్టుంది. తొమ్మిదిసార్లు పాడాడు. పదోసారికి రికార్డింగు గది ఆయన అద్దం అవతల్నించి, "మీరు మామూలుగా ఎలా పాడతారో అలా పాడండి మాస్టారూ" అన్నాడు.

"మామూలుగా నేను పాడను. అదే వచ్చేస్తుంది."

"ఎప్పుడు వస్తుంది?"

పళ్లాయన ఆలోచించి, మరదల్ని ఆసుపత్రికి పంపించి, రబ్బరు గిన్నె, గరిటె, ప్లాస్టరు సంచీ తెప్పించాడు. మైకు ముందు స్టూలేసుకుని, నీళ్లు పోసి కలిపి, ఎవరిదో పాత అచ్చులో పోశాడు. ఆ కలపడంలోనే కాస్త ఆ గది యజమాని తివాచీ మీద ఒలికింది. ప్లాస్టరు చల్లగా, మెత్తగా, ఏమాత్రం తొందరలేకుండా కూర్చుంది. ఆయన మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు గడిచాయి. తర్వాత పాట వచ్చేసింది. మధ్యలో రెండుసార్లు వేలితో తాకి చూసి ఛీ అనడం కూడా రికార్డయింది. అది తీయొద్దని మరదలు పట్టుబట్టింది. తివాచీ మీద పడ్డది మాత్రం చక్కగా గట్టిపడింది. దానికి అయిన ఖర్చుతో కలిపి చూస్తే ఆయనకి మిగిలిందేమీ లేదు.

ఆల్బమ్ మూడు నెలలకి బయటికొచ్చింది. ఎనిమిది చంద్రుడూ నావల పాటలు, మూడు పిండీ మైనం పాటలు. ప్లాస్టరు పాట ఎక్కడెక్కడికో వెళ్లింది. పళ్లు తోముకోనని మారాం చేసే పిల్లల దగ్గర పెడుతున్నారని, సిమెంటు పనివాళ్లు ఎవరో పెట్టుకుంటున్నారని వార్తలొచ్చాయి. చంద్రుడి మొదటి పాటని నూట నలభైసార్లు విన్నారని పేజీ చూపించింది. అందులో తొంభైసార్లు తనేనని ఆయన అందరికంటే ముందు తనే చెప్పేవాడు, మిగతావాళ్లు కనిపెట్టేలోపే.

చివరికి ఇళ్లకెళ్లి పాడే బాకీ మిగిలింది. అంత మొత్తం వేసినవాడు ఒక్కడే. దుకాణాల ఇనప షట్టర్లు బాగుచేసే మనిషి, ఊరి చివర రెండు గదుల ఇల్లు. ఒక ఆదివారం పదకొండింటికి పళ్లాయన భార్యని వెంటబెట్టుకుని వెళ్లాడు. కుర్చీలు పక్కింటి నుంచి తెచ్చారు. షట్టర్లాయన, ఆయన భార్య, తల్లి, ఇద్దరు కూతుళ్లు, ఒక మేనత్త వరసగా కూర్చున్నారు. షట్టర్లాయన చేతులు నల్లగా గ్రీజు మరకలతో ఉన్నాయి, చొక్కా మాత్రం కొత్తది.

పళ్లాయన 'గట్టిపడవే' అందుకున్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. మళ్లీ పాడమన్నారు. మూడుసార్లు పాడి, టీ తాగి, ఇక లేవబోయాడు.

"అప్పుడేనా?" అన్నాడు షట్టర్లాయన. "మీ పాటలు పాడలేదుగా."

"ఇదీ నాదేనండీ."

"కాదండీ. పేజీలో మొదట్లో రాశారే, పదకొండు పాటలు రాసుకున్నానని, పనిలో ఖాళీ దొరికినప్పుడల్లా రాశానని. నేను డబ్బు వేసింది వాటికి. నాకసలు పళ్ల నొప్పి లేదు, మీ ఆసుపత్రికి ఎప్పుడూ రాలేదు. వీడియో పెట్టిన రెండో రోజే వేశాను."

"వీడియో చూసి నవ్వలేదా?"

"నవ్వాను" అన్నాడతను. "నవ్వి, వేశాను."

పళ్లాయన భార్య వైపు చూశాడు. ఆవిడ సంచీలోంచి నోటుపుస్తకం తీసి ఇచ్చింది. అది తెచ్చిందని ఆయనకి తెలియదు.

ఏడో పాట పాడాడు, చంద్రుడూ నావా కలిసిన పాట. చరణం మొదలవగానే చిన్నపిల్ల లేచి నీళ్లు తాగొచ్చింది. మేనత్త ఫోను మోగింది. తల్లి కళ్లు మూసుకుంది. వింటోందో నిద్రపోయిందో తెలియలేదు. ఆయనకి ఎప్పుడూ లేనంతగా ఆ పాట పొడుగ్గా అనిపించింది. మధ్యలో ఒక చరణం ఎగరగొట్టేద్దామా అని కూడా అనుకున్నాడు, గౌరవం కొద్దీ ఎగరగొట్టలేదు.

పాట అయిపోయాక షట్టర్లాయన గోరు కింద గ్రీజు గీక్కుంటూ ఆలోచించాడు.

"నాకు సగం అర్థం కాలేదండీ" అన్నాడు. "మధ్యలో ఫోనొకటి. ఇంకోసారి పాడండి."

మేనత్త ఫోను కట్టేసి ఒళ్లో పెట్టుకుంది. పళ్లాయన గొంతు సవరించుకుని మొదటినుంచి అందుకున్నాడు. రెండోసారి మొదటిసారి కంటే బాగా రాలేదు, పై స్వరం దగ్గర గొంతు బొంగురుపోయింది. ఎవరూ లేవలేదు.